గోడవైపు తిరిగి చెప్పిన మాటలు

ఆ వానాకాలం గుర్తొస్తే నాకు ముందు కోపమే వస్తుంది. ఏడుపు దాని తర్వాత. పోయిన మనిషి మీద కోపమేమిటమ్మా అంటారు అందరూ. బతికున్నవాళ్ల మీదైతే నాలుగు తిట్టి తీర్చుకోవచ్చు. పోయినవాళ్ల మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లలో ఒక్కరూ చెప్పరు.

మా ఆయన ప్లంబరు. వానలు మొదలయ్యాయంటే ఆయనకు ఊపిరి సలపదు. ఊళ్లో ఉన్న డ్రైనేజీలన్నీ ఎదురుతన్నేది అప్పుడే. తెల్లారకముందే ఫోను మోగేది. ఒకరింట్లో సింకు పొంగుతోందని, ఒకరింట్లో బాత్రూము చెరువైందని. ఈయన అందరికీ ఒకటే మాట చెప్పేవాడు, "బయల్దేరానండీ, దారిలో ఉన్నా" అని. అప్పటికింకా పక్క మీదే ఉండేవాడు.

నేను ఒక హోటల్లో లాండ్రీ పని చేసేదాన్ని. గదుల్లోంచి వచ్చిన దుప్పట్లు, తువ్వాళ్లు విడదీసి, మరకలకు మందు రాసి, మెషిన్లో వేసి, ఇస్త్రీకి పంపాలి. నా కింద ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు. అందుకని ఆయన నన్ను మేనేజరుగారూ అని పిలిచేవాడు. "నేను వీళ్ల పైపులు కడుగుతా, నువ్వు వీళ్ల పక్కలు ఉతుకుతావు. మనిద్దరం ఒక్క వారం మానేస్తే ఈ ఊరు ముక్కు మూసుకుని పారిపోవాలి" అని నవ్వేవాడు.

నవ్వేవాడే కానీ పని మురికిని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఎంత వానలో వచ్చినా ముందు పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, పని బట్టలు తనే ఉతుక్కుని, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, స్నానం చేసి అప్పుడు లోపలికి వచ్చేవాడు. అంతవరకు నేను తువ్వాలు అందించినా తీగ మీద వెయ్యమనేవాడు తప్ప చేతికి తీసుకునేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో ఇదేం చాదస్తం అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఏడు వానలకు ముందే ఆయన కడుపు చెడింది. మాటిమాటికీ వెళ్లడం, వెళ్లినప్పుడల్లా రక్తం, జిగురు. మొదట నాకు చెప్పలేదు. ఇతరుల ఇళ్లలో పని మధ్యలో అవసరం పడితే ఏం చేసేవాడో తర్వాత చెప్పాడు. "ఫ్లష్ ఒకసారి పరీక్షించాలండీ" అని లోపలికెళ్లి గడియ పెట్టుకునేవాడట. ఒకావిడ, "మీరు బాగు చేయడానికొచ్చింది వంటింట్లో కుళాయి కదా" అని అడిగిందట. "అన్నీ ఒకే లైనండీ" అన్నాడట. నేను కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. అప్పటికే నడుము మీద ప్యాంటు నిలవక బెల్టుకు కొత్త చిల్లులు పెట్టుకుంటున్నాడు.

బలవంతాన ఆస్పత్రికి లాక్కెళ్లాను. లోపలికి గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ చిన్నవయసుది, ఓపికగా మాట్లాడే మనిషి. కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసింది.

"చివరి భాగం, ఈ ఎడమవైపంతా పుండు పడిందండీ. ఇది అంటుకునేది కాదు. మీరు తిన్నదాని వల్ల వచ్చిందీ కాదు. మీ ఒళ్లే పొరపాటున మీ పేగు మీద పడి దాన్ని పాడు చేస్తోంది. మాత్రలు ఇస్తాను. కానీ పుండు కిందుంది కాబట్టి మందు కిందినుంచి కూడా ఎక్కించాలి. ఇదిగో, ఈ సీసా. రోజూ పడుకునే ముందు ఒకటి. ఎడమవైపు తిరిగి పడుకుని ఎక్కించుకోవాలి. అరగంట అలాగే కదలకుండా ఉండాలి. కుదిరితే తెల్లారేవరకూ మందు లోపలే ఉండనివ్వాలి."

"వాలు ఎడమవైపుకి ఉంటుందన్నమాట" అన్నాడు మా ఆయన.

"అదే! చాలామందికి ఇది చెప్పడానికి నా తలప్రాణం తోకకొస్తుంది. మీరు ఇట్టే పట్టేశారు" అంది డాక్టరమ్మ. తర్వాత నావైపు తిరిగి, "మొదట్లో మీరు కాస్త సాయం చేస్తే సులువుగా ఉంటుంది" అంది.

"నేను చేసుకుంటానండీ" అని ఆయన లేచి నిలబడ్డాడు.

మందుల షాపతను చీటీ చూసి, కౌంటరు దగ్గరున్న నలుగురికీ వినిపించేలా, "ఇది నోట్లో పోసుకునేది కాదమ్మా, తెలుసుగా" అన్నాడు.

"తెలుసు. చెవికి మందుంటే మీరూ వేసుకోండి, మెల్లగా మాట్లాడటం వస్తుంది" అన్నాను. అతను సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఇంట్లో మొదటిసారి ఆయన ఒక్కడే బాత్రూములోకి వెళ్లాడు. ఎంతసేపటికీ రాడు. తలుపు తోసి చూద్దును కదా, సీసా సగం నేల మీద, సగం ఆయన కాళ్ల మీద. చలికి వణుకుతూ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు బయటికి పో."

"పోను. వచ్చి మంచం మీద పడుకోండి."

"నీక్కాదూ చెప్పేది!"

"హోటల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కలు ఉతుకుతున్నాను. మీ దగ్గర నాకేం రోత?"

"అది జీతానికి చేస్తున్నావు."

"ఇది ఊరికే చేస్తాను. అటు తిరగండి."

ఆ తర్వాత వచ్చి పడుకున్నాడు. పక్క మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత తువ్వాలు పరిచాను. సీసాను అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచాను, బాగా కుదిపాను. ఎడమకాలు చాపించి, కుడి మోకాలు పొట్ట దగ్గరికి మడిపించాను. సీసా ముక్కుకి వాజలైను రాసి మెల్లగా పెట్టి, అంతకంటే మెల్లగా నొక్కాను. ఆయన దిండు చివర పళ్లతో పట్టుకున్నాడు. నేను ఏదో లెక్చరు ఇస్తున్నట్టు మరకల గురించి, సబ్బుల గురించి మాట్లాడుతూనే ఉన్నాను. అయిపోయాక చేతులు కడుక్కుని వచ్చి ఆయన వీపు వెనక కూర్చున్నాను.

మా మంచం గోడకు ఆనించి ఉండేది. ఎడమవైపు తిరిగితే ఆయన ముఖం గోడకే ఉంటుంది. నాకు వీపు, మెడ మాత్రమే కనిపించేవి. అరగంట లేవకూడదు, కదలకూడదు. నా ముఖం చూడక్కర్లేదు. అట్లాంటప్పుడు మా ఆయనకు మాటలొచ్చాయి.

అంతకుముందు మాట్లాడలేదని కాదు. జోకులు బోలెడు వేసేవాడు. తన గురించి మాత్రం నోరు విప్పేవాడు కాదు. గోడ వైపు తిరిగాక ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న అడిగిందేదీ ఆయన చెవికెక్కలేదట. లోపలెక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తుంటే లేచి బిగించాలని చేతులు ఒకటే దురదపెట్టాయట.

"ఇంతకీ నన్ను చూశారా, కుళాయినేనా?"

"నువ్వే కదా కాఫీ ఇచ్చింది. గ్లాసు అందించేటప్పుడు నీ వేళ్లు నా వేళ్లకు తగిలాయి. వెనక్కి లాక్కోలేదు నువ్వు."

"లాక్కుంటే గ్లాసు పడిపోదూ?"

గోడ వైపే ఉండి నవ్వాడు. కడుపు కదులుతుంది, నవ్వకండి అని కసిరాను.

ఇంకోసారి వేరే సంగతి చెప్పాడు. పని నేర్చుకున్న కొత్తలో ఒక పెద్దింట్లో మధ్యాహ్నమంతా డ్రైనేజీ చాంబరులో దిగి పని చేశాడట. బయటికొచ్చి చేతులు కడుక్కున్నాక మంచినీళ్లు అడిగితే ఆ ఇంటావిడ కప్పుతో ఇచ్చింది. తాగి తిరిగి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పిడి పట్టుకుని తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. మంచి కప్పు, పువ్వులున్నది.

"ఆవిడ తిట్టలేదు, ఏమీ అనలేదు. చేతుల వంక చూసుకున్నాను. నా చేతులే. శుభ్రంగానే ఉన్నాయి" అన్నాడు.

నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. కాసేపటికి, "నీకు అసహ్యం వేయట్లేదూ?" అన్నాడు.

"లేదు."

"నిజం చెప్పు."

"నాకు అసహ్యమేస్తే మొహాన చెప్తానని మీకు తెలీదా? మీ అన్నయ్య తినేటప్పుడు చేసే చప్పుడు అసహ్యం నాకు. చెప్పానా లేదా?"

ఇంకేమీ అడగలేదు. నమ్మాడనే అనుకున్నాను.

ఆ మందు దుప్పట్ల మీద పడితే టీరంగు మరక. మొదటిరోజు దాని సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను. హోటల్లో ఉన్న మందులన్నీ రాశాను, నానబెట్టాను, ఎండలో వేశాను. పోలేదు. తెల్లారేసరికి ఎంతో కొంత బయటికి వచ్చేసేది కాబట్టి రోజూ ఒక మరక ఉండేది. మా ఇంటి దుప్పట్లన్నీ మచ్చలపులుల్లా తయారయ్యాయి. నాకేం బాధ లేదు. మందు పని చేస్తోంది. రక్తం తగ్గింది. ఆయన ముఖంలోకి కళ వచ్చింది. వానలో గొడుగేసుకుని పనికి వెళుతూ ఈల వేసేవాడు. పని ముగించుకుని నేను గబగబా ఇంటికి వచ్చేదాన్ని, ఆ అరగంట కోసం. ఎవరికైనా చెబితే నవ్విపోతారు కానీ మా కాపురంలో నాకు దొరికిన మంచి రోజులవి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ సంతోషించింది. "కానీ మందు ఆపకండి. రక్తం ఆగినంత మాత్రాన లోపల మానినట్టు కాదు. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి గట్టిగా వస్తుంది. నేను చెప్పేదాకా వేసుకోవాలి" అంది. ఆయన బుద్ధిగా తల ఊపాడు.

తర్వాత కొద్దిరోజులకు ఒక ఉదయం నన్ను కుదిపి లేపాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక్క చుక్క పోలేదే! రాత్రి ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది. తువ్వాలు చూడు."

చూశాను. పొడిగా ఉంది.

"లైను పాస్!" అన్నాడు.

కొత్త ఇంటికి పైపులు వేశాక ఆయన చేసే పరీక్ష అది. చివరలన్నీ మూసేసి, లైను నిండా నీళ్లు ఎక్కించి, రాత్రంతా అలా వదిలేస్తాడు. తెల్లారి చూస్తే మీటరు ముల్లు కిందికి దిగకూడదు. దిగకపోతే ఎక్కడా కారట్లేదని అర్థం. ఇక గోడలు మూసేయొచ్చు. ఆయన వేసిన లైను ఏదీ తప్పలేదని గొప్ప. నేనూ ఆ పూట సంబరపడ్డాను, చక్కెర ఎక్కువేసి కాఫీ ఇచ్చాను.

ఆ సాయంత్రం సామాన్ల గదిలో మడతమంచం వేసుకున్నాడు. పానాలు, రెంచీలు, పైపు ముక్కలు ఉండే చిన్న గది.

"ఇప్పుడు నాకు వచ్చుగా. నేనే వేసుకుంటా. నువ్వు పడుకో" అన్నాడు.

"నేనుంటే ఏం?"

"పొద్దంతా నిలబడి వస్తావు. విశ్రాంతి తీసుకో మేనేజరుగారూ."

తలుపు దగ్గరగా వేసుకున్నాడు. లోపల సీసా కుదుపుతున్న చప్పుడు వినిపించింది. నేను మా మంచం మీద కూర్చుని గోడను చూస్తూ ఉండిపోయాను. నాకు చిన్నతనంగా అనిపించింది, ఏదో నా ఉద్యోగం తీసేసినట్టు. ఆయనకు బాగైంది కదా, ఏడవడమెందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వారం తిరిగాక ఆ గదిలో దుప్పటి ఉతకడానికి తీశాను. తెల్లగా ఉంది. తిరగేసి చూశాను. ఎక్కడా మరక లేదు.

"ఏమండీ, దుప్పటి ఇంత శుభ్రంగా ఉందేం? మందు వేసుకుంటున్నారా?"

"ఎవరనుకున్నావు నన్ను? చుక్క కారనిస్తానా?" అన్నాడు, బూట్లు తొడుక్కుంటూ.

ఆయన చేతిపనితనం నాకు తెలుసు. ఆయన బిగించిన కుళాయి కారడం నేనెప్పుడూ చూడలేదు. దుప్పటి మడిచి లోపల పెట్టాను.

వానలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆయన ఇంటికి వచ్చేది ఆలస్యమైంది. కుళాయి దగ్గర గడిపేది కూడా ఎక్కువైంది. అన్నం కెలికి లేచేవాడు. అడిగితే పని దగ్గర తిన్నానన్నాడు. ఒక మధ్యాహ్నం వానకు కరెంటు పోయి హోటల్లో మెషిన్లు ఆగిపోతే నన్ను ఇంటికి పంపేశారు. వచ్చేసరికి ఆయన పెరట్లో వానలోనే చతికిలబడి ప్యాంటు ఉతుకుతున్నాడు. కుళాయి నుంచి కాలువ వరకు నీళ్లు ఎర్రగా పారుతున్నాయి.

నేను గొడుగు పక్కన పెట్టాను. ఆయన తలెత్తి చూసి, "నువ్వేంటి ఇప్పుడొచ్చావు" అన్నాడు. లేవబోతే కాళ్లు నిలవలేదు.

ఆస్పత్రిలో నరానికి మందులు ఎక్కించారు. డాక్టరమ్మ పొద్దున, సాయంత్రం వచ్చి పొట్ట నొక్కి చూసేది. మొదట్లో ఉన్న నవ్వు ఆమె ముఖంలో లేదు. "మందు ఎప్పుడు ఆపారు?" అని అడిగింది. ఆయన పైకప్పు చూస్తూ చెప్పాడు. లైను పాస్ అయిన రోజే. సీసాలన్నీ ఒక్కొక్కటే కుదిపి, నేను నిద్రపోయాక సింకులో పోసి, నీళ్లు వదిలేవాడట.

డాక్టరమ్మ వెళ్లాక మంచం పక్కన నిలబడి అడిగాను. గొంతు తగ్గించాలన్న ధ్యాస కూడా లేదు నాకు.

"ఎందుకు చేశారిలా?"

"తగ్గిపోయిందనుకున్నా."

"ఆపొద్దని ఆవిడ చెప్పినప్పుడు తల ఊపింది ఎవరు? తగ్గిందనుకుంటే నాతో చెప్పి మానేయొచ్చుగా. తలుపేసుకుని సీసా ఊపడం ఎందుకు?"

దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "చెబితే వేసుకోమంటావు. మళ్లీ నువ్వే వేస్తావు. రోజంతా ఎవరెవరి మైలనో ఉతికొస్తావు. ఇంటికొచ్చి నాదీనా? నీ చేతులు చూస్తుంటే నాకు తట్టుకోలేనట్టు ఉండేది."

"నా చేతులు నావి. వాటికి లేని కష్టం మీకెందుకొచ్చింది? నన్నడిగారా?"

"అడిగితే వద్దనవుగా నువ్వు."

"అననని తెలిసే అడగలేదన్నమాట!"

పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. నేను వార్డు బయటికి వచ్చి కిటికీ పట్టుకుని ఏడ్చాను. ఆ మనిషి ప్రేమ మీద నాకు ఒళ్లు మండింది. అది ప్రేమేనని తెలిసి ఇంకా మండింది.

మందులకు పుండు లొంగలేదు. పొట్ట ఉబ్బుతూ వచ్చింది. డాక్టరమ్మ, ఆమె పైన ఉన్న పెద్ద సర్జను వచ్చి, పెద్దపేగు తీసేయాలి, ఆలస్యం చేస్తే పగిలిపోతుంది అన్నారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి రంధ్రం పెడతారు. దాని మీద సంచి అంటించుకోవాలి. అది నిండినప్పుడల్లా ఖాళీ చేసుకోవాలి, కొన్నాళ్లకొకటి మార్చుకోవాలి. "హాయిగా బతకొచ్చు. పనికి కూడా వెళ్లొచ్చు" అన్నాడు సర్జను.

"ఆ సంచి ఎవరు మార్చాలి?" అన్నాడు మా ఆయన.

"కోలుకునేదాకా ఇంట్లోవాళ్లు. తర్వాత మీరే."

ఆయన నావైపు చూసి, "వద్దు" అన్నాడు.

ఆ పూటంతా బతిమాలాను. తిట్టాను. కాళ్లు పట్టుకున్నాను. ఒకటే మాట, ఇంకో రోజు మందులతో చూద్దామని. మర్నాడు పొద్దున్నకి పొట్ట బండలా అయింది. పెదవులు తెల్లబడ్డాయి. అప్పుడు నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు.

"నీకు నిజంగా అసహ్యం ఉండదూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"సరే. నువ్వే మార్చు" అన్నాడు. "సరిగ్గా అంటించు. కారిందంటే ఊరుకోను."

"కారనిస్తానా" అన్నాను.

నా చేతిని పట్టుకున్నాడు. వార్డుబాయ్ వచ్చి ఆపరేషనుకి బండి తోసుకుపోయేదాకా పట్టుకునే ఉన్నాడు. వెళ్లేటప్పుడు ముఖం తిప్పుకోలేదు, నన్నే చూస్తూ వెళ్లాడు. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఒప్పుకున్నాడు కదా, ఇక ఏదైనా చేసుకోగలం అనుకున్నాను.

ఊరికే కూర్చోలేక నర్సు దగ్గరికి వెళ్లి, ఆ సంచి ఎలా మార్చాలో నేర్పించమని అడిగాను. తర్వాత నేర్చుకోవచ్చమ్మా అంది. ఇప్పుడే నేర్పమన్నాను. ఆమె ఒక పాత నమూనా తెచ్చి, చుట్టిన తువ్వాలు మీద రంధ్రంలా ఉన్న రబ్బరు ముక్క పెట్టి చూపించింది. ముందు కొలత తీసుకోవాలి. సంచి వెనకున్న అట్ట మధ్యలో ఆ కొలతకే గుండ్రంగా కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, తక్కువైతే రంధ్రాన్ని కోస్తుంది. చర్మం గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడిగా అద్ది, కాగితం ఊడదీసి, కింది నుంచి పైకి అంటించాలి. అరచెయ్యి దాని మీద కాసేపు ఆనించి ఉంచితే ఆ వేడికి గట్టిగా పట్టుకుంటుంది.

మొదటిది వంకర పోయింది. రెండోది అంచు లేచింది. మూడోది కత్తిరించి, అంటించి, దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. చెయ్యి తీశాక నర్సు వేలితో అంచంతా తడిమి చూసింది.

"బాగా వచ్చింది. ఇంత తొందరగా ఎవరికీ రాదు" అంది.

ఇంకొకటి ఇవ్వమ్మా, చెయ్యి బాగా తిరగాలి అన్నాను. అది కత్తిరించి కాగితం ఊడదీస్తుండగా డాక్టరమ్మ వచ్చింది. తలకున్న టోపీ చేతిలో పట్టుకుంది. తెరిచేసరికే లోపల పగిలిపోయి ఉందనీ, చేయగలిగిందంతా చేశామనీ, గుండె నిలబడలేదనీ చెప్పింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నాకు వినిపించింది.

నర్సు నా చేతిలోంచి కత్తెర తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు. అంటించడానికి సిద్ధం చేసిన సంచిని డాక్టరమ్మకు చూపించాను.

"నాకు వచ్చేసిందండీ" అన్నాను. "ఒక్కసారి చూడండి, సరిగ్గానే ఉంది."